మోకు, గుగ్గిలం, పీపా: ఓడరేవు దుకాణంలో ఏమేం అమ్మేవారు

(కాకినాడ జగన్నాథపురంలో ఒక గ్రంథాలయంలో సాయంత్రం పూట జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను ఒక్క పాయింటు తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆ, చాలు.

ఈ రోజు ఒక దుకాణం గురించి చెబుతాను. రేవు చరిత్ర అనగానే మనం ఏం చెప్పుకుంటాం? డచ్చివాళ్లు ఎప్పుడొచ్చారు, ఇంగ్లీషువాళ్లు ఎప్పుడొచ్చారు, ఎవరు ఎవరికి అప్పగించారు. మనం ఇప్పుడు కూర్చున్న జగన్నాథపురం డచ్చివాళ్లది, 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. ఇది మీలో చాలామందికి తెలుసు. సరే. మరి ఆ రోజుల్లో సముద్రంలో ఆగి ఉన్న ఓడకి తాడు తెగితే కొత్త తాడు ఎక్కడ కొన్నారు? పడవ అడుగున నీళ్లు ఊరుతుంటే ఆ సందుల్లో పెట్టే సరుకు ఎవరమ్మారు? ఎనభై మంది మనుషులున్న ఓడకి నెలరోజుల బియ్యం ఎవరు తూచారు? వీటికి జవాబు రాజుల పేర్లలో దొరకదు. దుకాణంలో దొరుకుతుంది.

నేను ఏ ఒక్క కంపెనీ పేరూ చెప్పడం లేదు. 1870 ప్రాంతంలో మన తూర్పు తీరం రేవుల్లో, అంటే కాకినాడ, భీమునిపట్నం, విశాఖ, మచిలీపట్నంలో ఉండే రకం దుకాణాన్ని మీ కళ్ల ముందు పెడతాను. కాలువ గట్టున ఉందనుకోండి. ముందు పెద్ద వరండా, వెనక గిడ్డంగి. గిడ్డంగి అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఇంగ్లీషులో గోడౌన్ అంటారే, ఆ మాట మలయా భాషలోని గుడాంగ్ నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. ఆ గుడాంగ్‌కి మూలం మన గిడ్డంగో, తమిళుల కిడంగో అని వాటిలోనే రాస్తారు. మన తీరంలో పుట్టిన మాట సముద్రం దాటి వెళ్లి, ఇంకో వేషంలో తిరిగొచ్చింది. ఇలాంటి మాటలు ఈ రోజు చాలా వస్తాయి. గుర్తుపెట్టుకోండి, చివర్లో మీతో పనుంది.

అసలు 1870 అని ఎందుకన్నాను? కోరంగి రేవు అప్పటికి మేట వేసి వెనకబడింది. కాకినాడ లేచింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా పూర్తయింది, దాని వెంట కాలువలొచ్చాయి, కాలువల మీద పడవలొచ్చాయి. 1861 నుంచి 65 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఆగిపోయి ఇంగ్లండు మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. ఓడలు పెరిగాయి. అయితే మన సముద్రం లోతు తక్కువ కదా, పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు. అయిదారు మైళ్ల దూరంలో లంగరు వేసుకుని ఆగేది. ఒడ్డు నుంచి ప్రతి మేకూ, ప్రతి బస్తా పడవ మీద వెళ్లాల్సిందే. అందుకని ఓడవాడు దుకాణానికి వచ్చే లోపే దుకాణం మనిషి ఓడ దగ్గరికి వెళ్లేవాడు.

ఆ మనిషే దుబాసి. ద్విభాషి, రెండు భాషల మనిషి. మద్రాసు దుబాసీల గురించి వినే ఉంటారు, దొరల దగ్గర డబ్బూ పలుకుబడీ చూసిన పెద్దలు. రేవులో దుబాసీ పని వేరు. కొత్త ఓడ తెరచాప కనబడగానే పడవెక్కి వెళ్లి, కెప్టెన్‌ని కలిసి, ఏం కావాలో రాసుకుని రావడం అతని పని. బొంబాయి వైపు ఓడలకి సరుకులందించేవాణ్ణి దుబాష్ అనే అంటారు. అక్కడి పార్సీల్లో అదొక ఇంటిపేరు కూడా అయింది. ఇంగ్లీషులో ఈ వ్యాపారిని షిప్ షాండ్లర్ అంటారు. షాండ్లర్ అంటే మొదట్లో కొవ్వొత్తులమ్మేవాడు. పశువుల కొవ్వు కరిగించి వత్తులు చేసి అమ్మేవాడు, మెల్లగా ఓడకి కావలసినవన్నీ అమ్మసాగాడు. మన మాట చూడండి, కొవ్వొత్తి. కొవ్వు, వత్తి. ఇప్పటి మైనపు వత్తుల్లో కొవ్వు లేదు, మాటలో మాత్రం అలాగే ఉండిపోయింది.

సరే, లోపలికి వెళ్దాం. గుమ్మంలో అడుగుపెట్టగానే మొదట తగిలేది వాసన. తారు వాసన, కొబ్బరిపీచు వాసన, ఎండుచేపల వాసన. తర్వాత కనిపించేది తాడు. చుట్టలు చుట్టలుగా, మనిషి ఎత్తున, కప్పు దాకా. ఓడ అంటే చెక్క అనుకుంటాం, ఇనుము అనుకుంటాం. తెరచాపల ఓడ అంటే తాడండీ. ఒక మాదిరి ఓడకి మైళ్ల కొద్దీ తాడు పట్టేది. ఎండకీ ఉప్పుకీ రాపిడికీ అది రోజూ అరిగిపోతూనే ఉండేది. కాబట్టి దుకాణానికి అసలు ఆదాయం తాడు మీదే.

తాడు కొలిచే పద్ధతి మీకు చెప్పాలి. ఇంగ్లీషు నావికులు ఫాదమ్ అనే కొలత వాడారు, ఆరు అడుగులు. ఆ ఆరడుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? రెండు చేతులూ చాపితే ఈ వేలికొస నుంచి ఆ వేలికొస వరకు. మరి మనం దాన్ని ఏమంటాం? అమ్మా, మీరు చెప్పారు, గట్టిగా చెప్పండి. బార! బారెడు. బావిలో నీళ్లు ఎన్ని బారలు అని అడగమూ? అదే కొలత. కెప్టెన్ ఫాదమ్ అన్నప్పుడు గుమాస్తా లెక్క మార్చుకునే అవసరమే లేదు, చేతులు చాపితే చాలు. ఓడతాడు ఒక చుట్ట అంటే 120 బారలు, అంటే 720 అడుగులు. మందం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. తాడుని చుట్టుకొలతతో అమ్మేవారు. మూడంగుళాల తాడు అంటే మూడంగుళాల లావు కాదు, చుట్టూ కొలిస్తే మూడంగుళాలు. లావు అంగుళం లోపే. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఇక్కడే పొరపాటు పడితే దుకాణం మునుగుతుంది.

తాళ్లలో రకాలున్నాయి. కొబ్బరిపీచు తాడు నీళ్లమీద తేలుతుంది, సాగుతుంది, ఉప్పునీటికి చెడదు. అలల్లో ఊగే ఓడని కట్టడానికీ, ఒక ఓడ ఇంకో ఓడని లాగడానికీ అదే మంచిది. ఎందుకంటే కుదుపు వచ్చినప్పుడు అది సాగి, తిరిగి వెనక్కొస్తుంది. మంచి పీచు లక్షదీవుల నుంచి, మలబారు నుంచి వచ్చేది. రెండోది నారతాడు. రష్యాలో పండే హెంప్ నారతో ఐరోపావాళ్లు తాళ్లు పేనేవారు. అది బలమైనది. కానీ తడిస్తే కుళ్లుతుంది కనక తారులో ముంచాలి. ఆ తారు పైన్ చెట్లది, స్టాక్‌హోమ్ తారు అని పేరు, పీపాల్లో వచ్చేది. మూడోది మనీలా తాడు, ఫిలిప్పీన్స్ నుంచి. అరటి జాతి మొక్క నారతో పేనినది, తారు అక్కర్లేదు.

ఇక నాలుగోది. ఇది మనది. జనుము. వరి కోశాక చేలో జనుము చల్లుతారు, పశువులకి వేస్తారు, లేదా కలియదున్నుతారు. ఇక్కడ రైతులున్నారు, నాకంటే బాగా తెలుసు. ఆ జనుము నార ఓడతాడుకి పనికొస్తుందా అని ఇంగ్లీషువాళ్లు గట్టిగా ఆలోచించారు. ఎందుకు? రష్యాతో గొడవ వచ్చినప్పుడల్లా వాళ్ల నౌకాదళానికి నార దొరకదని భయం. ఈ పరీక్షలు చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆయన మన సామర్లకోటలో ఉన్నాడు. 1781 నుంచి 1793 వరకు ఇక్కడే, మనకి పది మైళ్ల దూరంలో, తోట వేసుకుని, మొక్కలు చూస్తూ, బొమ్మలు గీయిస్తూ గడిపాడు. తర్వాత కలకత్తా తోటకి వెళ్లాడు. రకరకాల నారలతో ఒకే కొలత తాళ్లు చేయించి, వాటికి బరువులు వేలాడదీసి, ఏది ఎంతకి తెగుతుందో రాసుకున్నాడు. జనుము ఆ వరసలో ఉంది, జనపనార ఉంది. ఒక పెద్ద శాస్త్రవేత్త మన చేల గట్టున పెరిగే మొక్కని పట్టుకుని, ఇది సముద్రం మీద ఎంత బరువు ఆపుతుంది అని అడగడం... నాకైతే అది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. సామర్లకోట స్టేషన్‌లో రైలు ఆగినప్పుడల్లా నాకు ఈయన గుర్తొస్తాడు.

జనుమూ గోగూ కలపకండి. గోగునార వేరు. అది భీమిలి నుంచి వెళ్లేది, ప్రపంచ మార్కెట్లో దాని పేరే బిమ్లిపటం జ్యూట్. గోనెసంచులకి అది. మన గోంగూర చుట్టం, ఆ గోగు.

తాడు గురించి ఇంకొక్కటే చెప్పి వదిలేస్తాను. లోతు కొలిచే తాడు. దాని చివర సీసపు గుండు ఉంటుంది. గుండు అడుగున చిన్న గుంట, ఆ గుంటలో కొవ్వు కూరతారు. ఎందుకు? గుండు నేలకి తగిలినప్పుడు అక్కడి ఇసకో బురదో ఆ కొవ్వుకి అంటుకుని పైకొస్తుంది. దాన్ని చూసి అడుగు ఎలాంటిదో తెలుసుకుంటారు. తాడు పొడుగునా గుర్తులు కడతారు. రెండు బారల దగ్గర రెండు తోలుముక్కలు, మూడు బారల దగ్గర మూడు, అయిదు దగ్గర తెల్లగుడ్డ, ఏడు దగ్గర ఎర్రగుడ్డ. తెల్లగుడ్డ నూలుది, ఎర్రగుడ్డ ఉన్నిది. ఎందుకు రెండు రకాలు? అర్ధరాత్రి చీకట్లో రంగు కనబడదు కదండీ. చేత్తో తడిమి చూసి, ఇది నూలు, అయిదు బారలు అని కేకేస్తాడు. మన కాకినాడ బయట లోతు తక్కువ సముద్రంలో ఈ గుండూ తాడూ లేకుండా ఓడ ఒక్క మైలు లోపలికి రాదు. దుకాణంలో దాని ధర పెద్దదేం కాదు. కానీ ఓడనిండా ఉన్న మనుషుల ప్రాణం ఆ గుడ్డముక్కల మీద ఉండేది.

ఇప్పుడు ఇంకో మూలకి వెళ్దాం. ఇక్కడ పాత తాళ్లు గుట్టగా పడి ఉన్నాయి. తెగిపోయినవి, అరిగిపోయినవి. పారేయలేదు. వీటిని పోగులు పోగులుగా విప్పి, చేత్తో పీకి, దూదిలా చేసి అమ్మేవారు. చెక్క ఓడ పలకల మధ్య సందుల్లో ఆ పోగుల్ని ఉలితో, సుత్తితో దట్టించి, పైన వేడివేడి కీలు, అంటే కాచిన తారు, పోసేవారు. అప్పుడే నీళ్లు ఊరవు. ఇంగ్లండులో ఆ పాత తాళ్లు విప్పే పని ఖైదీల చేత, అనాథాశ్రమాల్లోని బీదల చేత చేయించారు. వేళ్లు పుళ్లుపడే పని. కొత్త తాడు ఎవడైనా మెచ్చుకుంటాడు, చచ్చిపోయిన తాడుకి కూడా ఓడలో ఒక పని ఉండేది.

ఆ పైన పోసే సరుకు? అక్కడ మన గుగ్గిలం వస్తుంది. ఇంట్లో ధూపం వేస్తామే, అది. చెట్టు జిగురు. ఉత్తరాంధ్ర ఏజెన్సీ అడవుల్లో సాలచెట్టుని గుగ్గిలం చెట్టనే అంటారు. ఈ రకం జిగుళ్లన్నిటికీ ఓడవాళ్లు డామర్ అని ఒకే పేరు వాడారు, అది మలయా మాట. గుగ్గిలాన్ని నూనెలో కాచి పోస్తే గట్టిపడి సందు మూసుకుంటుంది. స్టాక్‌హోమ్ తారు అయిపోతే ఇది, తారు ఖరీదైతే ఇది. కొండలమీద ఆదివాసులు ఏరి సంతకి తెచ్చిన జిగురు, చేతులు మారి మారి ఈ దుకాణంలో మూటగా కూర్చుంది. దాన్ని కొన్న కెప్టెన్‌కి ఆ కొండ తెలియదు. ఏరినవాళ్లకి ఆ ఓడ తెలియదు. మధ్యలో ఈ దుకాణం ఉంది.

అసలు మేకులే లేని పడవ కూడా ఉండేది, తెలుసా మీకు? మసూలా పడవ. మద్రాసులో, భీమిలిలో పెద్ద అలలు విరిగే ఒడ్డున మేకులు కొట్టిన పడవ ఇసకకి తగిలి బద్దలవుతుంది. అందుకని పలకలకి చిల్లులు చేసి, కొబ్బరిపీచుతో కుట్టేవారు, బట్ట కుట్టినట్టు. అలకి అది వంగుతుంది, విరగదు. పెద్ద పెద్ద ఓడల కెప్టెన్లు, గవర్నర్లు కూడా ఒడ్డు చేరాలంటే ఈ కుట్టుపడవ ఎక్కాల్సిందే. కాకినాడలో అలలు అంత లేవు, మనకి ఇసక తిన్నె అడ్డం ఉంది కనక, ఇక్కడ సరుకు పడవలు వేరే రకం.

ఓడ అడుగుకి ఇంకో శత్రువుంది. చెక్కని తొలిచే సముద్రపు పురుగు. మన వెచ్చటి నీళ్లలో అది మరీ ఎక్కువ. ఒక్క ఏడాదిలో పలకని జల్లెడ చేసేస్తుంది. దానికి మందుగా ఓడ అడుగంతా రాగి రేకు కొట్టేవారు. రాగి ఖరీదు కదా, అందుకని 1832లో బర్మింగ్‌హామ్‌లో మంట్జ్ అనే ఆయన రాగి అరవై పాళ్లు, తుత్తునాగం నలభై పాళ్లు కలిపి ఒక రేకు చేశాడు. అప్పట్నుంచి దుకాణాల్లో అదే. దేశవాళీ ఓడలకి అంత స్తోమత ఎక్కడిది? సున్నం, నూనె కలిపి మెత్తగా దంచి ఆ ముద్ద పూసేవారు. కొన్నాళ్లకోసారి గీకి మళ్లీ పూయాలి. పని ఎక్కువ, ఖర్చు తక్కువ. దుకాణంలో రెండూ ఉండేవి, అటు రాగిరేకు, ఇటు సున్నం బస్తా.

తెరచాప గుడ్డ గురించి త్వరగా చెబుతాను. నంబర్లతో అమ్మేవారు, ఒకటో నంబరు అన్నిటికన్నా దళసరి, నంబరు పెరిగేకొద్దీ పల్చన. దానితో పాటు సూదులు, తేనెమైనం, దారం, సూదిని నెట్టడానికి అరచేతికి తొడుక్కునే తోలు. ఇంకా కప్పీలు, లాంతర్లు, రంగులు, చీపుళ్లు, బాల్చీలు.

తిండికి వద్దాం. ఇక్కడ దుకాణం రెండుగా చీలిపోతుంది. ఎందుకంటే ఓడలో రెండు వంటిళ్లు. తెల్ల ఆఫీసర్లకి పీపాల్లో ఉప్పు పట్టించిన మాంసం, రాయిలాంటి బిస్కెట్టు, బతికున్న మేకలు, కోళ్లు, బాతులు, సీసాల్లో సారాయి, బీరు, డబ్బాల్లో జామ్. లస్కర్లకి, అంటే మన దేశపు నావికులకి, బియ్యం, పప్పు, నెయ్యి, ఉప్పుచేప, చింతపండు, మిరపకాయలు. మన రేవుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది రెండో పట్టీలోని సరుకే. బియ్యం గోదావరి డెల్టాది, కాలువ మీద పడవలో వస్తుంది, గట్టున దిగుతుంది, ఇంకో పడవ ఎక్కుతుంది, ఓడలోకి పోతుంది. బోర్డు మీద దొరపేరు ఉండొచ్చు. ఆ పేరు చూసి మనం అది ఇంగ్లీషు దుకాణం అనేసుకుంటాం. లోపల మూటలు విప్పి చూడండి! బియ్యం మనది, జనుము మనది, గుగ్గిలం మనది, నువ్వులనూనె, ఆముదం, చింతపండు, పొగాకు మనవి. సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, వచ్చినవి లేకపోతే ఓడ ఇబ్బంది పడేదేమో. మన పల్లెల నుంచి వచ్చినవి లేకపోతే అసలు కదిలేదే కాదు. నేను ఈ రోజు మీకు చెప్పాలని వచ్చింది ఇదే.

నిమ్మరసం సంగతి మర్చిపోయాను. నెలల తరబడి పచ్చికూర లేకపోతే చిగుళ్లు వాచి, పళ్లు ఊడి నావికులు చచ్చిపోయేవారు. నిమ్మజాతి పళ్ల రసం తాగితే రాదని తేలాక కూడా ఓడల యజమానులు ఖర్చుకి వెనకాడేవారు. చివరికి 1867లో ఇంగ్లండులో చట్టం కట్టుదిట్టం చేశారు, వాణిజ్య ఓడల్లో మంచి రసం తప్పనిసరిగా ఇవ్వాలని. మనకి పెరట్లో నిమ్మచెట్టు ఉంది. రోజూ పప్పులో పిండుకునే కాయకి సముద్రం మీద చట్టం కావలసి వచ్చింది.

లస్కరు అన్నాను కదా. ఓడమీద పనిచేసే మన దేశపు నావికుడు లస్కరు. మరి మన కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే ఇరిగేషన్ ఉద్యోగిని ఏమంటారు? లస్కరే! సముద్రం మాట కాలువ వెంట పల్లెల్లోకి నడిచొచ్చింది. సరంగు, కళాసీ, తండేలు, లంగరు, ఇవన్నీ పారసీ, అరబ్బీ, పడమటి తీరం భాషల మీదుగా మనకి చేరాయి. పోర్చుగీసు మాటలు ఇంకోవైపు. పీపా పోర్చుగీసు మాట. బొత్తాం పోర్చుగీసు. తువాలు, మేస్త్రీ, అలమర, గమేళా, అన్నీ అవే. వేలం పాట అంటామే, ఆ వేలం కూడా. ఓడ విరిగిపోతే మిగిలిన సామాను ఒడ్డున వేలం వేసేవారు, దుకాణం వాళ్లే ముందు నిలబడి పాడేవారు. మా నాయనమ్మ ఇంట్లో బియ్యం ఒక చెక్క పీపాలో పోసేది. దాని ఇనప పట్టీలు తుప్పు పట్టి, చెక్క నల్లగా మెరుస్తూ ఉండేది. అది ఏ ఓడలో ఏం మోసిందో గానీ, నా చిన్నతనంలో అందులో చెయ్యి పెడితే బియ్యంతో పాటు ఇంకేదో వాసన వచ్చేది. ఇప్పుడు అనిపిస్తుంది, అది తారు వాసన అని.

లెక్కల గురించి రెండు ముక్కలు. మన తూకం మణుగు, వీసె. మద్రాసు మణుగు అంటే 25 పౌన్లు, అందులో 8 వీసెలు. ఇరవై మణుగులు ఒక బారువ. ఓడవాడి తూకం హండ్రెడ్‌వెయిట్, టన్ను. హండ్రెడ్‌వెయిట్ అంటే పేరులో వందే గానీ 112 పౌన్లు, సుమారు నాలుగున్నర మణుగులు. టన్ను 2240 పౌన్లు, దగ్గర దగ్గర తొంభై మణుగులు. రైతు దగ్గర వీసెల్లో కొని, ఓడవాడికి టన్నుల్లో అమ్మే గుమాస్తా ఈ రెండు లెక్కలూ తలలో పెట్టుకుని, తెలుగులో ఒక చిట్టా, ఇంగ్లీషులో ఒక బిల్లు రాయాలి. అదీ ద్విభాషే కదా! డబ్బు వెంటనే వచ్చేదా? లేదు. కెప్టెన్ కాగితం రాసిచ్చేవాడు, ఓడ యజమాని మీద. చేతిలో ఏమీ లేని కెప్టెన్ ఓడనే తాకట్టు పెట్టేవాడు. ఆ ఓడ క్షేమంగా గమ్యం చేరితేనే అప్పు తీరుతుంది, మునిగిపోతే అప్పిచ్చినవాడికీ పోయినట్టే. అందుకని వడ్డీ చాలా ఎక్కువ. ఓడ అలా కనుచూపు దాటి పోతుంటే ఒడ్డున నిలబడ్డ దుకాణదారుకి ఎంత టెన్షన్ ఉండేదో ఆలోచించండి.

మునిగిపోవడం అంటే ఇక్కడ ఉత్తమాట కాదు. కోరంగి. 1789 డిసెంబరులో తుపాను, సముద్రం మూడు పెద్ద అలలుగా ఊరి మీదికొచ్చింది. 1839 నవంబరులో మళ్లీ. ఎంతమంది పోయారన్న దాని మీద వాదాలున్నాయి. వేలమంది పోయారన్న దానిలో వాదం లేదు. ఈ తుపాన్ల కథలు సేకరించిన కలకత్తా ఆయన హెన్రీ పిడింగ్టన్, 1840లలో సైక్లోన్ అనే మాట పుట్టించాడు. కోరంగి తుపాను ఆయన రాతల్లో ఉంది. ఇవాళ టీవీలో సైక్లోన్ అని వినబడినప్పుడల్లా ఆ మాట వెనక మన కోరంగి కూడా ఉంది.

తుపాను సూచన కనబడితే కెప్టెన్ ఏం చేస్తాడు? ఒడ్డు దగ్గర ఉంటే ఓడ విరుగుతుంది. లంగరు పైకి లాగే టైము ఉండదు. మోకు, అంటే లంగరుకి కట్టిన లావు తాడు, నరికేసి, లేదా గొలుసు వదిలేసి, నడిసముద్రంలోకి పారిపోతాడు. బతికితే వారానికో పది రోజులకో తిరిగొస్తాడు. అప్పుడు అతనికి లంగరు కావాలి, మోకు కావాలి, తెరచాప కావాలి, అన్నీ ఒకేసారి కావాలి. అందుకే ఈ దుకాణాల పెరట్లో పాత లంగర్లు ఎప్పుడూ పడి ఉండేవి.

ఇక ఊరివైపు గుమ్మం. పొగఓడలు పెరిగాక, 1869లో సూయజ్ కాలువ తెరిచాక, దుకాణం మారిపోయింది. పొగఓడకి అంత తాడు అక్కర్లేదు, బొగ్గు కావాలి. మోకుల చుట్టలు తగ్గాయి, డబ్బాలు పెరిగాయి. కిరసనాయిలు వచ్చింది. నాలుగు గ్యాలన్ల రేకుడబ్బా, రెండు డబ్బాలు ఒక చెక్కపెట్టె. నూనె అయిపోయాక డబ్బా మిగులుతుంది కదా. దానికి అడ్డంగా కర్ర బిగిస్తే నీళ్ల బిందె. కోసి పరిస్తే ఇంటి పైకప్పు రేకు. ఆ చెక్కపెట్టె బల్ల. అగ్గిపెట్టెలు, గొడుగులు, బిస్కెట్టు డబ్బాలు, రంగూన్ నుంచి మైనపు కొవ్వొత్తులు. ఓడవాడి దుకాణం మెల్లగా మన దుకాణం అయింది.

రంగూన్ అన్నాను. అది వేరే రోజు పూర్తిగా చెప్పుకోవాలి, చాలా ఉంది. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి మనవాళ్లు వేలకి వేలు బర్మా వెళ్లారు, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనికి. డెక్కు మీద ప్రయాణం. వాళ్లు కొనేవి ఏమిటి? ఒక చాప, ఒక రేకుపెట్టె, చింతపండు, ఎండుమిరప, పొగాకు. అంతే. బర్మాలో తెలుగువాణ్ణి కొరంగీ అనేవారు. రేవు మేట వేసి పోయినా దాని పేరు మనుషులకి అంటుకుపోయింది. ఆ మాటని చాలాసార్లు తక్కువచేసే వాడారు. ఆ తక్కువచేయడం మోసినవాళ్ల మనవలు ఈ హాల్లో కూడా ఉండి ఉంటారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికే రంగూన్ పడిపోయింది. రంగూన్ ఓడలు ఆగాయి, ఓడల మీద బతికిన దుకాణాలూ ఆగాయి.

నాకు ఇచ్చిన టైము అయిపోవచ్చింది. చివర్లో మీతో పనుందన్నాను. పుస్తకాల్లో ఇంగ్లీషు పేర్లు దొరుకుతాయి. తెలుగు పేర్లు మనుషుల దగ్గర ఉన్నాయి. మోకు అనే మాట ఇవాళ ఎవరి నోట వినిపిస్తుంది? తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి నోట. తాళ్లరేవు అనే ఊరి పేరులో ఉన్నవి తాడిచెట్లే అని చెబుతారు, నా చెవికి మాత్రం ఓడతాళ్లే వినిపిస్తాయి. అక్కడ చెక్కతో పడవలు కట్టే వడ్రంగులు ఉన్నారు. వాళ్ల దగ్గర సందులు దట్టించే ఉలికి ఒక పేరు ఉంటుంది, ఒక్కో ముడికి ఒక పేరు ఉంటుంది. అవి నాకు కావాలి, రాసుకోవాలి. మూడో వరసలో కూర్చున్న పెద్దాయన, మీరు లోపలికొస్తూ మా నాన్నది పడవల పనే అన్నారు. మైకు అటు ఇవ్వండమ్మా. బాబాయిగారూ, తెగిన రెండు తాళ్లని ముడి లేకుండా పోగుల్లో పోగు కలిపి అల్లుతారు చూడండి, దాన్ని మీ ఇంట్లో ఏమనేవారు?